బేతాళుడు హిందీలో మాట్లాడిన ఆదివారాలు

1985వ సంవత్సరంలో శివకాశి ప్రాంతం రెండు కొత్తలను చూసింది. ఆ మార్చి నెలలో పాత రామనాథపురం జిల్లా విభజింపబడి, విరుదునగరం ముఖ్యపట్టణంగా కామరాజర్ పేరిట కొత్త జిల్లా ఆవిర్భవించింది. అక్టోబరు నెలలో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో ‘విక్రమ్ ఔర్ బేతాల్’ అనే బాలల ధారావాహిక ఆరంభమయింది. మొదటిది ప్రభుత్వ పత్రాలలోను, పాఠ్యపుస్తకాలలోను నిలిచింది. రెండవది కొద్ది నెలల ముచ్చటై, ఆ తరువాత వచ్చిన ‘రామాయణ్’ వెలుగులో కనుమరుగయింది. అయినప్పటికీ ఒక తెలుగు పాఠశాల తన డెబ్బది అయిదేండ్ల ప్రస్థానాన్ని నెమరువేసుకొనే వేళ ఆ రెండవ దానికీ కొంత చోటు ఈయవలసి ఉంది. ఈ ప్రాంతపు తెలుగు ఇండ్లలో భాష ఒక తరంనుండి మరొక తరానికి ఏ విధంగా అందిందో, ఎక్కడ అందకుండా పోయిందో ఆ చిన్న ధారావాహిక చరిత్ర తెలియజేస్తుంది.

పెట్టె వచ్చిన దారి

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న ప్రారంభమయింది. కాని దాని ప్రసారాలు చాలాకాలం మద్రాసు పరిసరాలకే పరిమితమై ఉండేవి. 1982లో సింహళంలో రూపవాహిని మొదలైన పిమ్మట, దక్షిణ తీరప్రాంత పట్టణాలలో కొందరు ఇంటికప్పుపై ఎత్తైన గొట్టం నిలిపి, దానికి యాంటెన్నా బిగించి, సముద్రం దాటి వచ్చే బొమ్మలను పట్టుకొనేవారు. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. మరుసటి ఏడాది నుండి దేశమంతటా చిన్నచిన్న ప్రసార కేంద్రాలు వెలిశాయి. ఆ కేంద్రాలు ఉపగ్రహం ద్వారా ఢిల్లీ ప్రసారాలను అందుకొని, చుట్టుపట్ల ఊళ్లకు పంపేవి. కొడైకానల్ కొండమీది పెద్ద ప్రసార కేంద్రం ద్వారా మద్రాసు కార్యక్రమాలు దక్షిణ జిల్లాలకు చేరడం ఆ తరువాతి మాట.

ఇందువలన ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. తమిళనాడు దక్షిణ భాగాన, టెలివిజన్ పెట్టెలో ముందుగా వినబడిన భాషలు హిందీ, ఆంగ్లం. రాష్ట్రంలో 1968 నుండి ద్విభాషా విధానం అమలులో ఉన్నందున ప్రభుత్వ పాఠ్యప్రణాళికలో హిందీకి స్థానం లేదు. తమిళ ఇండ్ల పిల్లలకు గాని, తెలుగు ఇండ్ల పిల్లలకు గాని పెట్టెలోని మాట అర్థమయ్యేది కాదు. హైదరాబాదు దూరదర్శన్ 1977లోనే ఆరంభమైనా దాని తెలుగు ఇంతదూరం వచ్చే అవకాశమే లేదు. మాట తెలియని బొమ్మల ముందు పిల్లలు కూర్చున్న కాలమది.

అటువంటి కాలంలో రామానంద్ సాగర్ నిర్మించిన ‘విక్రమ్ ఔర్ బేతాల్’ ఆదివారం సాయంకాలాల్లో ప్రసారమయింది. విక్రమార్కుడుగా అరుణ్ గోవిల్, బేతాళుడుగా సజ్జన్ నటించారు. దీపికా చిఖలియా, సునీల్ లహరీ వంటి నటులు వేర్వేరు కథలలో కనిపించారు. 1987 జనవరిలో ‘రామాయణ్’ మొదలైనప్పుడు, భుజాన శవాన్ని మోసిన రాజే శ్రీరాముడై వచ్చాడు. దేశం ఆ రాముని గుర్తుంచుకొని, ఈ రాజును మరచిపోయింది. 2020లో కరోనా దిగ్బంధనం నాడు ‘రామాయణ్’ పునఃప్రసారమై కోట్లాది జనం చూశారు. దానికి దారివేసిన ధారావాహిక పేరు ఎత్తినవారు అరుదు.

వసారాలోని అనువాదకులు

ఆ రోజులలో టెలివిజన్ ఉన్న ఇండ్లు వీధికి ఒకటి రెండు మాత్రమే. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటి వసారాలో చాపలు పరచేవారు. పిల్లలు ముందు, స్త్రీలు వెనుక, మగవారు గుమ్మం దగ్గర. శ్మశానం, చెట్టు, రాజు, శవం కనిపించేవి. శవం మాట్లాడేది. ఆ మాట ఎవరికీ తెలియదు. కాని కథ మాత్రం పెద్దలందరికీ తెలుసు!

తమిళ ఇండ్లలో పెద్ద అక్షరాలతో అచ్చయిన విక్రమాదిత్యుని కథల పుస్తకం తరతరాలుగా ఉండేది. తెలుగు ఇండ్లలో ఆ కథ అవ్వల నోట ఉండేది. దానికి తోడు ‘చందమామ’ ఉండేది. 1947 జూలైలో మద్రాసునుండి తెలుగులోను, తమిళంలో ‘అంబులిమామ’గాను బి. నాగిరెడ్డి, చక్రపాణి ఆ పత్రికను ఆరంభించారు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని బొమ్మ గీసినవాడు తమిళ చిత్రకారుడు శంకర్. 2020లో ఆయన కన్నుమూసే నాటికి ఆ బొమ్మ చూడని తెలుగు చదువరి లేడన్నా అతిశయోక్తి కాదు. కనుక పెట్టెలో రాజు కనిపించగానే పిల్లలు గుర్తుపట్టారు. మాట తెలియకున్నా మనిషి తెలిసినవాడే.

“ఏం చెప్తా ఉండాడవ్వా?” అని ఒక పిల్లవాడు అడుగుతాడు. “ఊరికే ఉండరా, రాజు నోరు తెరిస్తే పీనుగ మళ్లీ చెట్టెక్కుతాది” అంటుంది అవ్వ. ఆ వెంటనే తనకు తెలిసిన కథను తన తెలుగులో అందుకొంటుంది. పక్కనున్న తమిళ ఇంటి పాటి తనకు తెలిసిన పాఠాన్ని తమిళంలో చెబుతుంది. రెండు కథలూ ఒకచోట కలుస్తాయి, మరొకచోట విడిపోతాయి. పెట్టెలోని కథ ఈ రెండింటితోనూ కలియని చోట్లూ ఉంటాయి. ఆ వసారాలో చూసింది ఒక కథ, విన్నవి మూడు.

బేతాళ కథల నిర్మాణం ఇందుకు ఎంతో అనుకూలించింది. ప్రతి కథా ఒక ప్రశ్నతో ముగుస్తుంది. ప్రసిద్ధమైన మందారవతి కథనే తీసుకొనవచ్చు. ఆమెను వరించి వచ్చినవారు ముగ్గురు. ఆమె జ్వరంతో మరణిస్తుంది. ఒకడు శ్మశానంలో గుడిసె వేసుకొని ఆమె చితాభస్మంపైనే పడుకొంటాడు. ఒకడు ఆమె అస్థికలను గంగకు తీసుకొనిపోతాడు. మూడవవాడు దేశాలు తిరిగి మృతసంజీవని మంత్రం సాధించి వచ్చి ఆమెను బ్రదికిస్తాడు. ఆమె ఎవరికి భార్య కావాలి? ప్రాణమిచ్చినవాడు తండ్రివంటివాడనీ, అస్థికలు గంగలో కలిపినవాడు కుమారునివంటివాడనీ, భస్మాన్ని విడువక ఆమెతో ఉన్నవాడే భర్త అనీ రాజు తీర్పు.

హిందీ తెలిసిన ప్రాంతాలలో పిల్లలు ఆ తీర్పును రాజు నోటనే విని ఊరుకొని ఉంటారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి పరిసరాల వసారాలలో రాజు చెప్పిన తీర్పు ఎవరికీ తెలియదు. బేతాళుడు చెట్టుపైకి ఎగిరిపోవడం కనబడుతుంది. ఎందుకు ఎగిరాడో తెలియదు. కనుక తీర్పు చెప్పవలసిన బాధ్యత వసారాపై పడేది. “నువ్వే చెప్పరా, ఆ పిల్ల ఎవురికి పెండ్లాము?” అని అవ్వ అడిగితే పిల్లలు వాదులాడేవారు. బ్రదికించినవాడికే అని కొందరు, పాపం బూడిదలో పడుకొన్నవాడికే అని కొందరు. బొమ్మ ముగిసి పెట్టెను కట్టివేసిన తరువాత కూడా ఆ వాదం సాగేది. న్యాయం, ఋణం, వావి, వరుస అనే మాటలు పిల్లలకు పాఠ్యపుస్తకం కంటె ముందుగా ఆ వాదాలలో పరిచయమయ్యాయి.

ఆ ఆదివారాలు అందరికీ సమానంగా అందలేదనే సంగతినీ చరిత్ర విస్మరించరాదు. 1923 ప్రాంతంలో అగ్గిపెట్టెల పరిశ్రమతో శివకాశికి జీవనాధారం కలిగింది. దాని వెంట పెట్టెలపై అంటించే చీటీల ముద్రణ, బాణసంచా వచ్చాయి. కరవునేలలో అది వేలాది ఇండ్లకు అన్నం పెట్టింది. కాని ఆ పనిలో పిల్లల చేతులూ ఉండేవి. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. శివకాశి బాలల విషయమై దాఖలైన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని ఇరవై వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అంతవరకు పెట్టెలు అంటించే పని వల్ల ఆదివారమూ తీరిక లేని పిల్లలు ఎందరో. వారికి ఆ కథ సోమవారంనాడు తోటిపిల్లల నోటిద్వారా చేరేది. చెప్పేవారి మాట వినేవారి చెవికి చేరేసరికి బేతాళుడు మరికొంత తెలుగువాడయ్యేవాడు.

కథ నడిచిన దారి

ఈ కథలు హిందీవికావు, తెలుగువీ కావు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర రాణి సూర్యవతి వినోదార్థం సోమదేవుడు సంస్కృతంలో రచించిన ‘కథాసరిత్సాగరం’లో బేతాళ పంచవింశతి ఉంది. ఆ మహాగ్రంథానికి మూలం గుణాఢ్యుని ‘బృహత్కథ’. సాతవాహన రాజు ఆస్థానంలో పందెం ఓడిన గుణాఢ్యుడు సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడింటినీ త్యజించి, పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల కథ రచించాడని ఐతిహ్యం. పిశాచభాషలోని కథ తనకు అక్కరలేదని రాజు తిరస్కరిస్తే, కవి అడవిలో నిప్పు రాజేసి, మృగాలకు చదివి వినిపిస్తూ ఒక్కొక్క పత్రాన్నీ అగ్నికి ఆహుతి చేశాడట. రాజు పశ్చాత్తాపంతో పరుగున వచ్చేసరికి మిగిలింది ఏడవ వంతు మాత్రమే.

భాషను బట్టి కథను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె వేరొక ఉదాహరణ అక్కరలేదు. ఆ మిగిలిన భాగంనుండే దేశభాషలన్నింటికీ కథలు ప్రవహించాయి. తెలుగులో పదిహేనవ శతాబ్దినాటికే జక్కన ‘విక్రమార్క చరిత్రము’, కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ రచించారు. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో 1805లో ‘బైతాల్ పచ్చీసీ’ హిందీలో వెలువడింది. సాగర్ ధారావాహిక దాని సంతతి. సాతవాహనుల నాటి కథ కాశ్మీరం వెళ్లి, కలకత్తాలో హిందీ నేర్చి, బొంబాయిలో వేషం కట్టి, ఢిల్లీ మీదుగా శివకాశి వసారాకు చేరింది. అక్కడ ఒక అవ్వ దానికి మళ్లీ తెలుగు నేర్పింది.

ఆ అవ్వ తెలుగుకు కూడా అంతటి ప్రయాణమే ఉంది. 1529లో విశ్వనాథ నాయకునితో మధుర నాయకరాజ్యం నెలకొన్న నాటినుండి, అంతకు ముందునుండి కూడా, కమ్మవారు, రాజులు, కంబళనాయకులు, దేవాంగులు, అరుంధతీయులు మొదలైన తెలుగు జనులు ఈ నల్లరేగడి నేలలో స్థిరపడ్డారు. కయత్తారులో 1799లో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన పుట్టిన కులంవారి ఇంటిభాష తెలుగు. కోవిల్‌పట్టి దాపున ఇడైసేవల్ గ్రామంలో పుట్టిన ఇద్దరు మహారచయితలు, కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్, తెలుగు ఇండ్ల బిడ్డలు. ఇద్దరూ తమిళంలో వ్రాసి సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస వచ్చిన వృత్తాంతాన్ని కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో 1976లో చిత్రించారు. అందులోనూ ముసలవ్వ నోటిమాటే ఆధారం. నోట తెలుగు, చేతివ్రాత తమిళం. ఇదే ఈ ప్రాంతపు తెలుగువారిలో ఎక్కువమంది స్థితి. నోటనున్న తెలుగుకు అక్షరం తోడుచేయడమే తెలుగు పాఠశాలలు ఇక్కడ చేసిన సేవ.

మాట వచ్చింది, చెప్పేవారు మానుకొన్నారు

1990లో మరొక ధారావాహిక వచ్చింది. తెనాలి రామకృష్ణుని కథలను కన్నడ దర్శకుడు టి. ఎస్. నాగాభరణ హిందీలో రూపొందించారు. విజయ్ కశ్యప్ రామకృష్ణుడుగా నటించారు. ‘పాండురంగ మాహాత్మ్యము’ రచించిన తెలుగు కవి, షోళింగర్ క్షేత్రమహిమను ‘ఘటికాచల మాహాత్మ్యము’గా తెలుగులో కీర్తించిన కవి, తమిళనాడులోని తెలుగు పిల్లల ఎదుట హిందీ మాట్లాడాడు. పిల్లలు నవ్వారు. పెద్దలు మళ్లీ తెలుగు చెప్పారు. ఆ వసారా సంప్రదాయానికి అదే ఇంచుమించు చివరి పండుగ.

1993లో సన్ టీవీతో తమిళం, 1995లో జెమినీ, ఈటీవీలతో తెలుగు కేబుల్ తీగద్వారా ఇంటింటికీ వచ్చాయి. తెలుగు ఇండ్లలో ఎంతటి ఆనందం! ఏండ్ల తరబడి సినిమా హాలులో ఎప్పుడో ఒకమారు వినబడిన భాష ప్రతిదినం పడకగదిలో పలికింది. కాని ఆ ఆనందం వెంట ఎవరూ ఊహించని నష్టమూ వచ్చింది. ఇక “ఏం చెప్తా ఉండాడవ్వా?” అని అడిగే పని పిల్లలకు లేకపోయింది. పెట్టెయే కథ చెప్పింది, పెట్టెయే జవాబు చెప్పింది. ప్రతి ఇంటికీ పెట్టె రావడంతో వసారాలో చాప పరచే అవసరమూ తీరిపోయింది.

అంతకంటె బాధాకరమైనది మరొకటి ఉంది. పెట్టెలోని తెలుగు ఒక తీరు, అవ్వ తెలుగు ఒక తీరు. అయిదు శతాబ్దాలుగా తమిళంతో కలిసి పెరిగిన అవ్వ మాటను పిల్లలు తప్పుగా భావించసాగారు. “అది తెలుగు కాదవ్వా” అని మనుమలు నవ్వితే, అవ్వలు క్రమంగా ఇంటిలో తమిళానికి మారారు. హిందీ బేతాళుడు అవ్వ చేత మాట్లాడించాడు; తెలుగు పెట్టె ఆమెను మౌనం పట్టించింది. ‘చందమామ’ కూడా 2010ల తొలి సంవత్సరాలలో నిలిచిపోయింది. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం ప్రకారం పాఠశాలలన్నింటిలో తమిళం మొదటి భాగపు భాషగా తరగతి వెంట తరగతి అమలులోకి వచ్చింది. ఈ నేలపై పుట్టిన బిడ్డలు తమిళం నేర్వడం న్యాయమే, అవసరమే. అయితే సమయ పట్టికలో తెలుగుకు మిగిలిన చోటు ఇరుకైనదన్నది కూడ నిజమే. బడిలో చోటు తగ్గిన కాలంలోనే ఇంటిలోనూ మాట తగ్గడం ఈ తరపు దురదృష్టం.

మౌనానికి శాపం

ఆ ధారావాహికను ఇప్పుడు అంతర్జాలంలో వెదకి చూడవచ్చు. నాటి పిల్లలు నేడు ఏబది ఏండ్లకు అటూ ఇటూ ఉన్నవారు. ఉద్యోగాలరీత్యా హిందీ నేర్చినవారూ వారిలో ఉన్నారు. అటువంటివారు ఆ పాత బొమ్మలను తిరిగి చూస్తే, తెరలు వెలవెలబోయి, మాయలు చిన్నపిల్లల ఆటలవలె కనిపిస్తాయి. ఆశ్చర్యం వేరొకచోట ఎదురవుతుంది: బేతాళుడు చెప్పే మాటలు వారి జ్ఞాపకంలోని మాటలు కావు. జ్ఞాపకంలోని బేతాళుడు తెలుగులో మాట్లాడతాడు. అదీ శివకాశి తెలుగులో, ఒక ముసలి ఆడగొంతుతో. మరపున పడిన ధారావాహికలో నిజంగా గుర్తున్నది ఆ గొంతే.

బేతాళుడు రాజుకు పెట్టిన నిబంధన అందరికీ తెలిసినదే. జవాబు తెలిసి చెప్పకపోతే తల వేయి ముక్కలవుతుంది. చివరి కథలో రాజుకు జవాబు తెలియదు, మౌనంగా నడుస్తాడు. అప్పుడు శాపం తగలదు, పైగా బేతాళుడు మెచ్చుకొంటాడు. తెలియని మౌనానికి దోషం లేదు. తెలిసిన మౌనానికే దోషం.

నేటి పిల్లలు తెలుగు కథ చెప్పలేక ఊరుకొంటే అది తెలియని మౌనం. వారిని నిందించి ఫలితం లేదు. కథ తెలిసి, మాట తెలిసి, ‘మా తెలుగు సరియైనది కాదు’ అనే జంకుతో ఊరుకొన్న తాతలు, అవ్వలు, పూర్వ విద్యార్థులే ఆలోచించుకోవాలి. వారానికి ఒక పిరియడు, ఒక చాప, ఒక పెద్దమనిషి ఉంటే చాలు. పుస్తకం అక్కరలేదు, పెట్టె అక్కరలేదు. చెప్పేవారు తమ ఇంటి తెలుగులోనే చెప్పవచ్చు. కథను ప్రశ్న దగ్గర ఆపి, జవాబు పిల్లలకు విడిచిపెట్టాలి. పాఠశాల వాకిలి అందుకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.